పడవ మీద అడిగిన ప్రశ్న

పైడితల్లి ఎప్పుడు ప్రయోగశాలకు వచ్చినా చెప్పులు గుమ్మం బయట విడిచే మనిషి. ఆ రోజు విడవలేదు. ఇసక చెప్పులతోనే మెరిసే గచ్చు మీద నడిచొచ్చి, ఆస్పత్రి కవరొకటి ఆడపడుచు నూకరత్నం కంప్యూటరు మీటల మీద పడేసింది.

"మీ అన్న సొక్కా ఎలాగ ఏసుకుంతన్నాడో ఎప్పుడైనా సూసినావేటి?" అని అడిగింది.

నూకరత్నానికి అర్థం కాలేదు. పైడితల్లే నిలబడి చెప్పింది, కూర్చోమన్నా కూర్చోలేదు. మూడు నెలలుగా తన మొగుడు మసేను ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు. చొక్కాలో ముందు ఆ చేతిని దూర్చి, దాన్ని కుడిచేత్తో సర్ది, తరవాత మిగతాది తొడుక్కుంటున్నాడు. అడిగితే పడక సరిగ్గా కుదరలేదన్నాడు. నిన్న తలకు నూనె రాసుకోబోయి సీసా జార్చేశాడు. ఆమె దెబ్బలాడి పట్నం తీసుకుపోయి ఎక్స్‌రే ఫొటో తీయించింది.

నూకరత్నం ఫొటోను కిటికీ వెలుతురుకు పట్టుకుని చూసింది. భుజం కీలులో ఎముక తల వెలగపండులా గుండ్రంగా ఉండాలి. ఇక్కడ పైభాగం చెదలు తిన్న దూలంలా గుల్లబారి, ఒక పక్క లోపలికి నొక్కుకుపోయి ఉంది. లోతు నీళ్లలో పనిచేయడం వల్ల ఎముక చచ్చిందనీ, ఇంకో రెండు మూడు సార్లు లోతుకు దిగితే కీలు కూలిపోతుందనీ, ఆ తరవాత ఆ చెయ్యి ఉన్నా లేనట్టేననీ డాక్టరు కింద రాశాడు.

"నీ యంత్రం సూపించిన కాడికల్లా దిగినాడు. ఆ సెయ్యి సంద్రం తిన్నాదో, నీ యంత్రం తిన్నాదో నివ్వే సెప్పు" అంది పైడితల్లి.

అప్పుడైనా వదిన చెయ్యి పట్టుకుని ఏడ్చి ఉంటే నూకరత్నం గురించి మంచిగా చెప్పుకోవచ్చు. ఆమెకు ముందు కోపం వచ్చింది. మూడేళ్లలో అన్న రెండు వందల పద్నాలుగు సార్లు దిగాడని, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ నొప్పి ఉందా అని యంత్రం అడిగిందని, ప్రతిసారీ లేదనే చెప్పాడని, కావాలంటే చూపిస్తానని అంది. ఇంట్లో దాచిన నొప్పికి లెక్కేం చేస్తుందని కూడా అంది.

పైడితల్లి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఎక్కడడిగినావు?" అంది. జవాబు కోసం ఆగలేదు.

*

గుల్లపాలెం ఒడ్డు నుంచి నాలుగు మైళ్ల దూరంలో, ఒకనాటి సముద్రతీరం నీళ్లలో మునిగి రాతిగట్టుగా మిగిలింది. పద్దెనిమిది మీటర్ల లోతున మొదలై నలభై రెండు దాకా దిగుతుంది. నీరు వేడెక్కేకొద్దీ ఆ గట్టు మీద పగడాలు ఎలా చస్తున్నాయో తెలుసుకోవడానికి నూకరత్నం పనిచేసే సముద్ర పరిశోధన సంస్థవాళ్లు ముప్ఫయ్యారు చోట్ల గుర్తులు పెట్టి నమూనాలు తీస్తున్నారు. ఆ తీరంలో జనవరి నుంచి మార్చి దాకానే నీళ్లలో కన్ను ఆనుతుంది. ఆ కొద్ది రోజుల్లో ఎవరు దిగాలి, ఏ చోటు తరవాత ఏ చోటికి పోవాలి, ఎంత లోతున ఎన్ని నిమిషాలుండాలి, పైకి వస్తూ ఎక్కడెక్కడ ఆగాలి అన్నది ఒకప్పుడు సంస్థ అధిపతి డాక్టర్ భానోజీరావు కాగితాల మీద రోజంతా కూర్చుని వేసేవాడు. నూకరత్నం రాసిన 'తోవ' అనే కంప్యూటరు లెక్క ఆ పని రెప్పపాటులో చేసేది.

కళ్లద్దంలో ఆకుపచ్చ గీత కనపడుతుంది. దాని వెంట పోవడమే. ప్రవాహం తిరిగితే గీతా తిరుగుతుంది. ఛాతీకి కట్టిన పట్టీ రక్తంలో లేచే బుడగల్ని వింటూ ఉంటుంది. లోతుకు పోయిన ఒళ్లు గోలీ సోడా లాంటిది, ఒత్తిడి నెమ్మదిగా వదలకపోతే లోపలి గాలి బుసబుసా పొంగుతుంది. అయితే పట్టీకి రక్తం వినపడుతుంది గాని ఎముక వినపడదు. అందుకని మనిషి పైకొచ్చిన పది నిమిషాల్లోపు, పడవలో బిగించిన పలక ఒక ప్రశ్న అడుగుతుంది: "నొప్పి ఉందా? సున్నా నుంచి పది దాకా అంకె చెప్పండి." ఆ గొంతు నూకరత్నందే. జవాబు చెప్పింది ఎవరో గొంతును బట్టే పలక పోల్చుకుంటుంది. ఆ జవాబుల్ని బట్టి తోవ ఒక్కో ఒంటికి ఒక్కో పుస్తకం రాసుకుని, ఎవరు ఎంత ఓర్చుకోగలరో తేల్చుకుని, మొత్తం జట్టుకు ప్రమాదం అతి తక్కువయ్యేలా రోజు పనిని పంచుతుంది. మూడేళ్లలో ఒక్క ప్రమాదం లేదు. భానోజీరావు ఆ మాట ప్రతి సభలోనూ చెప్పేవాడు.

వదిన వెళ్లాక నూకరత్నం ఆ పుస్తకాలు తెరిచింది. జట్టులో మొదటి ఇద్దరు మసేను, ఆశీర్వాదం. మొదటి ఏడాది లోతు పని ఇద్దరికీ సగం సగం. రెండో ఏడాది మసేనుకు మూడు వంతులు. ఈ జనవరి నుంచి ముప్ఫై మీటర్లు దాటిన ప్రతి చోటూ మసేనుదే. ఆశీర్వాదం బాపట్ల వైపు మనిషి, కాలికి రాయి తగిలినా పదిమందికి చెప్పే రకం. భుజం లాగుతోంది రెండు వేసుకో, మోకాలు పట్టేసింది మూడు వేసుకో అని పలకతో కబుర్లాడేవాడు. నిజం చెప్పినందుకు అతనికి లోతు తగ్గింది. సున్నా చెప్పినవాడికి పెరిగింది. దున్నే ఎద్దునే పొడిచినట్టు. లెక్కలో తప్పు లేదు, ఆమె చెయ్యమన్నట్టే చేసింది.

అప్పుడు 'ఎక్కడడిగినావు' అన్న మాట ఆమెకు తగిలింది.

గుల్లపాలెంలో ఒక కట్టుబాటుంది. నీళ్లలోంచి వచ్చి పడవ అంచు పట్టుకున్నవాణ్ణి ఎలా ఉందిరా అని అడుగుతారు. "తల్లి సల్లగా సూసింది" అనాలి. చెయ్యి తెగినా అదే మాట, వల పోయినా అదే మాట. కాలు ఇసక మీద పడేదాకా సముద్రం గురించి చెడ్డ మాట నోట రాకూడదు. తల్లి ఒళ్లో కూర్చుని తల్లిని తిట్టినట్టవుతుందని పెద్దల మాట. ఒడ్డెక్కాక ఎన్ని బూతులైనా తిట్టుకోవచ్చు, తిడతారు కూడా.

నూకరత్నానికి ఎనిమిదేళ్లప్పుడు తండ్రి దానయ్య గొట్టంతో గాలి పీలుస్తూ శంఖాల కోసం దిగేవాడు. ఒక రోజు పైకొచ్చి పడవ అంచు పట్టుకున్నాడు. అడిగారు. తల్లి సల్లగా సూసిందన్నాడు. అందరూ నమ్మి, వల లాక్కుని, చుట్టలు కాల్చుకుని, గంటన్నరకు తాపీగా ఒడ్డుకు చేరారు. తువ్వాలు పట్టుకుని ఎదురు నిలబడ్డ కూతురి ముందు దానయ్య ఇసక మీద కాలు పెట్టబోయి కూలిపోయాడు. "కాళ్లు ఎప్పుడో పోనాయిరా" అన్నాడు అప్పుడు. తొమ్మిదేళ్లు మంచంలో ఉండి కన్నుమూశాడు. ఆ తువ్వాలు పట్టుకున్న పిల్లే పెద్దయి, ఇంకెవరికీ అలా కాకూడదని తోవ రాసింది. రాసి, ఆ ఒక్క ప్రశ్ననూ తీసుకెళ్లి పడవలో పెట్టింది. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

*

భానోజీరావు ఫొటోను చూసి కవర్లో పెట్టి వెనక్కి తోశాడు. పనిని ఆపమని, లెక్కను సరిచేయనివ్వమని నూకరత్నం అడిగింది. ఇంకా రెండే చోట్లు మిగిలాయి, రెండూ లోతువి. శనివారానికి నీరు మసకబారుతుంది. మధ్యలో లెక్క మారిస్తే మూడేళ్ల నమూనాలు ఒక పద్ధతిలో తీసినవని ఎవరూ ఒప్పుకోరని అతను అన్నాడు.

"అతను ఎప్పుడైనా నొప్పి అన్నాడా? లేదు కదా. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

అనలేదు గనకే వచ్చానని ఆమె అంది. పడవ మీద మా వాళ్లు అనరని, అది నాకు తెలిసీ మరిచానని చెప్పింది.

"అయితే మీ అన్న మూడేళ్లు అబద్ధం చెప్పాడన్నమాట. అలాగే రాస్తాను. తప్పుడు సమాచారం ఇచ్చిన డైవరుకు లైసెన్సూ ఉండదు, వైద్యం మా పూచీ కూడా కాదు" అన్నాడు. అరవలేదు, బల్ల మీది పెన్ను సర్దుకుంటూ అన్నాడు.

చివరికి బేరం కుదిరింది. బేరమనడం కూడా గౌరవమే, మెడ మీద కత్తి పెట్టి కుదిర్చింది. ఆమె లెక్కలో ఒక్క అక్షరం ముట్టుకోకూడదు. జట్టు జాబితాలోంచి మసేను పేరు తీసేయవచ్చు. ఆశీర్వాదానికి తోవ లోతు ఇవ్వదు గనక, జట్టులో మూడో మనిషిగా పేరున్న ఆమే దిగి రెండు చోట్లూ పూర్తిచేయాలి. చేస్తే ఎముక పనిలోనే చచ్చిందని అతను సంతకం పెడతాడు. తప్పు అన్న పుస్తకంలో ఉంది, నా పుస్తకం వేరు కదా అనుకుని నూకరత్నం ఒప్పుకుంది.

సాయంత్రం ఒడ్డున పడవ పక్కన కూర్చుని మసేను గాలి సిలిండర్లు చూసుకుంటున్నాడు. ఎడమ చెయ్యి తొడ మీద పెట్టుకుని, పనంతా కుడిచేత్తోనే చేస్తున్నాడు. ఇన్నాళ్లూ అది ఆమె కంటికి ఎందుకు కనపడలేదో ఆమెకే తెలియదు. జాబితాలోంచి పేరు తీసేసిన సంగతి చెప్పింది.

"పెద్ద సారు అందరి ముందర నాది ఇనప ఒళ్లన్నాడు. నివ్వొచ్చి అవిటోడని రాసినావు" అన్నాడు.

"ఇసక మీదున్నావు గదా అన్నియ్యా. ఇప్పుడు సెప్పు. ఎంత?"

మసేను లేచాడు. తిన్నగా నడిచి వెళ్లి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఆమె వైపు తిరిగాడు. "ఇప్పుడడుగు" అన్నాడు.

ఆమె అడగలేదు. ఇద్దరూ మొండిఘటాలే, తండ్రి పోలిక. చీకటి పడకముందే ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

*

పొద్దున పడవను మసేనే నడిపాడు. దిగనివ్వకపోయినా గట్టు గుర్తు అతనికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. చెల్లెలు సిలిండరు వీపుకు ఎత్తుకుంటుంటే కనీసం పట్టీ కూడా అందివ్వలేదు. ఆశీర్వాదమే అందించాడు.

జతగా దిగారు. ఇరవైనాలుగు మీటర్ల దగ్గర ఒక రాతి అరుగు మీద ఆశీర్వాదం గీత ఆగిపోయింది, అక్కణ్నుంచి ఆమెను కనిపెట్టుకుని ఉండటమే అతని పని. ఆమె గీత అరుగు దాటి కిందికి వంగింది. పేరుకు జత, లోతు ఒక్కరిదే. ఇన్నాళ్లూ అన్న ఇక్కడ ఒంటరిగా దిగాడని ఆమె ఒంటికి ఇప్పుడు తెలిసింది. నలభై ఒకటో మీటరు దగ్గర వెలుతురు బూడిద రంగుకు తిరిగింది. చలి గొంతు దాకా వచ్చింది. ప్రవాహం పక్క నుంచి తోస్తోంది, చేత్తో రాయి పట్టుకుంటే రాయి మీది గుల్లలు తొడుగును కోశాయి. ఇక్కడ మనిషికి పనేమిటని నీరే అడుగుతున్నట్టుంది.

మొదటి చోటు అయింది. రెండో చోటికి గీత ఇంకా ముందుకు లాగింది. లెక్క తనే చేత్తో వేసుకుంటే అంతసేపు ఉండేది కాదు. కాని తను కట్టిన ఇంట్లో తనే భయపడటమేమిటని వెళ్లింది, నమూనా తీసింది, గీత పైకి తిరిగాక అరుగు మీది ఆశీర్వాదంతో కలిసి పైకి వచ్చింది.

ఆరు మీటర్ల దగ్గర ఆఖరి మజిలీ. అక్కడ ఆగి ఒంట్లో గాలిని వదిలించుకోవాలి. అద్దంలో అంకె చూసి ఆమె నమ్మలేదు. నాలుగు నిమిషాలు. అంత లోతు నుంచి వస్తే పాతిక నిమిషాలకు తక్కువ ఉండకూడదు. ఇంత ధైర్యం తోవకు ఎవరిచ్చారు?

అప్పుడు గుర్తొచ్చింది. ఆమె పుస్తకం ప్రకారం ఆమె దిగింది పదకొండు సార్లే. మూడేళ్ల కిందట తనే ఒక వాక్యం రాసింది: ఒక ఒంటి గురించి తెలిసింది చాలనప్పుడు, దాని రక్తసంబంధికుల పుస్తకం చూసుకో. ఒకే రక్తం, ఒకే ఓర్పు అనుకుంది. రాసి మరిచిపోయింది. ఇవాళ తోవ ఆమెను చూడలేదు, మసేను చెల్లెల్ని చూసింది. అన్న చెప్పిన రెండు వందల పద్నాలుగు సున్నాలూ ఆమె మీదికి వచ్చాయి.

ఇంకాసేపు ఆగుదామంటే గాలి లేదు. తోవ నాలుగు నిమిషాలకు సరిపడానే సిలిండరు నింపించింది. ఆశీర్వాదం గాలి కూడా పంచుకుని ఇంకో తొమ్మిది నిమిషాలు లాగారు. తరవాత పైకి రాక తప్పలేదు.

*

పడవలో కూర్చోగానే అరికాళ్లలో సూదులు గుచ్చినట్టయింది. తరవాత సూదులు కూడా లేవు. ఎడమ కాలు వేళ్ల నుంచి చీలమండ దాకా, చీలమండ నుంచి పిక్క దాకా, ఎవరో దీపాలు ఆర్పుకుంటూ వస్తున్నట్టు పోతోంది. ఛాతీ పట్టీ మాత్రం ఆకుపచ్చగానే వెలుగుతోంది, వెన్నులో చేరిన బుడగ దానికి వినపడదు.

"నొప్పి ఉందా? సున్నా నుంచి పది దాకా అంకె చెప్పండి" అని పలకలోంచి ఆమె గొంతే ఆమెను అడిగింది.

చెప్పాలి. నాలుగుకు మించి చెబితే తోవ క్షణంలో ప్రాణవాయువు తీయమంటుంది, పట్నంలో ఒత్తిడి గదికి కబురు పెడుతుంది. ఆ గదిలో పెట్టి ఒంటిని మళ్లీ నొక్కి నెమ్మదిగా వదిలితే కాలు దక్కవచ్చు. ఆలస్యమైతే దక్కదు. ఇదంతా ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు ఆ తీరంలో లేరు. చుక్కాని దగ్గర అన్న వీపు కనపడుతోంది. పడవ కింద నీరు చప్పుడు చేస్తోంది.

"తల్లి సల్లగా సూసింది" అంది నూకరత్నం.

"అంకె చెప్పండి" అంది పలక.

"సున్నా."

ఇంత చదువూ చదివి, ఇంత లెక్కా కట్టి, తండ్రిని కళ్లారా చూసి, ఆ నోట అదే మాట వచ్చింది. ఏం చేస్తాం, నాలుక చదువుకోలేదు. ఆశీర్వాదానికి ఏమీ తెలియలేదు, తువ్వాలు తీసి తల తుడుచుకుంటున్నాడు.

ఇంజను ఆగింది.

మసేను వెనక్కి తిరిగి చెల్లెలి కాలి వంక చూస్తున్నాడు. పడవ ఒరిగినప్పుడల్లా ఆ పాదం దానంతటదే పక్కకు వాలిపోతోంది. తండ్రిని తొమ్మిదేళ్లు మంచం మీద తిప్పి పడుకోబెట్టినవాడు అతనే. అలా వాలే పాదం అతనికి తెలుసు.

"అమ్మీ, కాలు తెలస్తందా?"

ఆమె ఆ పాదాన్ని చేత్తో పట్టి నిలబెట్టుకుంది. మసేను చుక్కాని వదిలి లేచి నిలబడ్డాడు. ఒకసారి నీళ్లకేసి చూశాడు. పెదాలు ఎండిపోయినట్టు తడుపుకున్నాడు.

"నాది తొమ్మిది" అన్నాడు. గట్టిగానే అన్నాడు. "రెండేళ్ల నుంచి తొమ్మిదే. ఎవులింటే ఇననీ. ఇప్పుడు నీది సెప్పు."

గుల్లపాలెం మనిషి నీళ్ల మీద అలాంటి మాట అనగా నూకరత్నం పుట్టి ఎరగదు. పిడుగేం పడలేదు. పడవ ఇందాకటిలాగే ఊగుతోంది.

"ఎడం కాలు నేదన్నియ్యా" అంది, ఏడుపు ఆపుకోకుండా. "ఎనిమిది."

పలక ఎర్రబడింది. ఆశీర్వాదం తువ్వాలు పారేసి ప్రాణవాయువు పెట్టె తెరిచాడు. మసేను కుడిచేత్తో చుక్కాని పట్టి, ఎడమచేత్తో ఇంజను పిడిని పూర్తిగా నెట్టాడు. ఆ చెయ్యి నెట్టినప్పుడు అతని గొంతులోంచి వచ్చిన చప్పుడు ఇంజను మోతలో కలిసిపోయింది, అయినా ఇద్దరికీ వినపడింది.

సగం దూరంలో రేడియోలో భానోజీరావు గొంతు వచ్చింది. నమూనాలు భద్రమేనా అని అడిగాడు. భద్రమేనని ఆశీర్వాదం చెప్పాడు. లెక్కలో మసేను పేరు మీద తొమ్మిది పడిందేమిటి, అతను ఇవాళ దిగనే లేదు కదా, ఆ అంకె కొట్టేయమని అన్నాడు. కొట్టేయకపోతే తోవ వెనకటి జవాబులన్నిటినీ అనుమానించి మూడేళ్ల లెక్క మళ్లీ మొదటి నుంచి వేస్తుందని అతనికి తెలుసు. ఆశీర్వాదం పలక వంకా, మసేను వంకా చూశాడు.

"ఉండనీ బాబూ" అన్నాడు మసేను. "కొట్టీమన్నోణ్ణి వచ్చి కొట్టీమను." ఆశీర్వాదం రేడియో కట్టేశాడు.

దానయ్యకు గంటన్నర పట్టిన దూరం ఇరవై నిమిషాల్లో దాటారు. ఒడ్డున అంబులెన్సు ఉంది. దానికంటే ముందే, చీర కుచ్చెళ్లు దోపుకుని పైడితల్లి నీళ్లలోకి ఎదురొచ్చింది. ఆడపడుచును తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ మొహంలోనే ఉన్నాయి, అయినా ముందు నడుం కింద చెయ్యి వేసి ఎత్తింది. రెండో పక్క మసేను ఒంటిచేత్తో పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి నూకరత్నాన్ని ఇసక మీద నిలబెట్టారు.

"ఇసక తెలస్తందా?" అని అడిగాడు మసేను.

"కుడి కాలికి తెలస్తంది."

"ఎడం కాలికో?"

వదిన కళ్లలోకి చూశాక, తెలుస్తోందని చెప్పెయ్యాలని ఆమెకు ఎంత అనిపించిందో.

"నేదు" అంది.

మసేను తలూపి, కుడి భుజం మీదికి ఆమెను ఎత్తుకుని అంబులెన్సు వైపు నడిచాడు.